వేలు అడగని గురువు కావాలి

అన్నా, అక్కా, తమ్ముడూ, చెల్లీ... ఒక్క నిమిషం ఆగి చదవండి.

మన పిల్లల కోసం కేంద్రం పెట్టిన గురుకులాలకు ఏకలవ్యుడి పేరు. కోచ్‌లకు 1985 నుంచి ఇస్తున్న జాతీయ అవార్డుకేమో ద్రోణాచార్యుడి పేరు. వేలు పోగొట్టుకున్నోడు మనవాడు. వేలు అడిగి తీసుకున్నోడు దేశానికి ఆదర్శ గురువు! మా ఎరుకలోళ్లు ఏకలవ్యుణ్ణి మావాడే అని చెప్పుకుంటారు. ఆ అవార్డు పేరు విన్నప్పుడల్లా నేను నా చెయ్యి చూసుకుంటాను.

గురువంటే ఎవరో హైదరాబాద్‌ను అడగండి. సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు, ఫుట్‌బాల్ ఆటగాడు, ఆ తర్వాత కోచ్. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో, 1962లో భారత్‌కు ఏషియన్ గేమ్స్ బంగారం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టి నాలుగో స్థానం. బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు. జకార్తా ఫైనల్లో తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించాడు, అతను గోల్ కొట్టాడు. అప్పటికే రహీంను క్యాన్సర్ తింటోంది. 1963లో పోయాడు.

చూశారా తేడా? ఒకడు ఉన్న వేలు తీసుకున్నాడు. ఇంకొకడు చేతగాని కాలికి కూడా ఆట నేర్పాడు.

"ఆటల్లో కులమేంది, టాలెంట్ ఉంటే చాలు" అంటారు. సరే. ఆ టాలెంట్‌ను చూసే కన్ను ఎవరిది? ఆస్ట్రేలియాలో గ్రాహం ఫార్మర్ అనే నూంగార్ ఆదివాసీ అనాథాశ్రమంలో పెరిగాడు. చేత్తో బంతి అందించే తీరుతో వాళ్ల ఫుట్‌బాల్‌నే మార్చేశాడు. అక్కడితో ఆగలేదు. ఆడుతూనే కోచ్‌గా వెస్ట్ పెర్త్‌ను 1969లో, 1971లో గెలిపించాడు. 1973లో గీలాంగ్ లాంటి పెద్ద క్లబ్‌కు కోచ్ అయ్యాడు. పరిగెత్తే కాళ్లే కాదు, ఆటను నడిపే బుర్ర కూడా మనదే అని చూపించాడు.

ఇక మన విడపనకల్లుకు రండి. వానలు మొహం చాటేస్తే అమ్మానాన్నలు బెంగళూరు బస్సెక్కుతారు, పిల్లలు హాస్టల్‌కు పోతారు. నేను హాస్టల్లో ఉన్న ఏళ్లలో ఆటల పీరియడ్ అంటే గ్రౌండ్‌లో రాళ్లు ఏరడమే. మాలో చిరుతలా ఉరికేటోళ్లు ఉన్నారు. చూసి "నువ్వు ఆడరా" అన్న మనిషే లేడు. ఇప్పుడు వాళ్లు సిమెంట్ బస్తాలు మోస్తున్నారు.

కాబట్టి ఒక జత బూట్లు, ఒక ఫొటో, ఒక సన్మానం మాకొద్దు. ప్రతి ఎస్టీ హాస్టల్‌కు గ్రౌండ్, ఆట నేర్పే టీచర్ కావాలి. కోచింగ్ డిప్లొమాల్లో మన పిల్లలకు సీట్లు కావాలి. ఆ అవార్డుకు రహీం పేరు పెట్టాలి.

డిగ్రీ చేతిలో పెట్టుకుని ఖాళీగా ఉన్న తమ్ముడూ, చెల్లీ! బీపీఈడీ కట్టండి. సర్కారు కదిలేదాకా సాయంత్రాలు మన వాడలో ఒక బంతి పట్టుకుని నిలబడండి. ఏకలవ్యుడు గురువు లేకుండా నేర్చుకున్నాడు. మన తర్వాతోళ్లకు ఆ గతి పట్టనియ్యొద్దు.

జై ఆదివాసీ!