"ఎవరూ లేని దీవి" అంటే ఎవరి దీవి?

జై సేవాలాల్! జై ఆదివాసీ! జై భీమ్!

పోస్టు కొంచెం పొడుగైంది. ముందు చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి, పడతాం.

పోయిన వారం మన గ్రూపులోనే ఒక అన్న ఒక వీడియో పెట్టాడు. అండమాన్‌లో ఒక జంట రిసార్టులో దిగి, సముద్రంలోకి వెళ్ళి స్కూబా డైవింగ్ చేస్తారు. రంగురంగుల చేపలు, పగడాల దిబ్బలు. ఈత రాకపోయినా పర్లేదంట, పక్కనే ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని 12 మీటర్ల దాకా దింపుతాడంట. వీడియో కింద "ఎవరూ లేని దీవి, స్వర్గం" అని రాసుంది. దాని కింద మన అన్న "లైఫ్ అంటే ఇదిరా, మన ఏరియాలో కూడా ఇలాంటి టూరిజం వస్తేనే మనం బాగుపడేది" అని రాశాడు. నూట చిల్లర లైకులు. అందులో మా లైకులూ ఉన్నాయి, అబద్ధం చెప్పం. రాత్రి గదిలో ఎనిమిది మందిమీ ఒకే ఫోను మీద పడి రెండుసార్లు చూశాం. అలాంటి గది ఒక్క రాత్రికి పాతిక వేలు దాటుతుందని ఒకడు వెతికి చెప్పాడు. ఆ డబ్బుతో మా ఎనిమిది మందికీ నెల మెస్ నడిచిపోద్ది.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఉన్నోడు ఖర్చు పెట్టుకుంటాడు. మా గొడవ "ఎవరూ లేని" అన్న మాటతో.

అండమాన్‌లో ఎవరూ లేరా? 1858లో ఇంగ్లీషోళ్ళు అక్కడ ఖైదీల కాలనీ పెట్టేనాటికి గ్రేట్ అండమానీస్ అనే మన ఆదివాసీలు వేలల్లో ఉండేవాళ్ళు. తుపాకులు, జబ్బులు కలిసి వాళ్ళని తినేశాయి. 2011 జనాభా లెక్కల్లో మిగిలింది 44 మంది. మన హాస్టల్ గదులు ఆరు నింపితే అయిపోతారు, అంతే. జారవాలు 380 మంది. "ఎవరూ లేరు" అనే మాట ఎట్లా నిజం చేస్తారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఆ జారవాల అడవి మధ్య నుంచే అండమాన్ ట్రంక్ రోడ్డు వేశారు. 2002లో సుప్రీంకోర్టు ఆ అడవిలో రోడ్డు మూసేయమంది. మూయలేదు. సున్నపురాయి గుహలు చూడాలి, మట్టి అగ్నిపర్వతం చూడాలి అని టూరిస్టు బండ్లు వరసగా ఆ అడవిలోంచే పోయాయి. 2012 జనవరిలో ఒక వీడియో బయటికొచ్చింది. జారవా ఆడవాళ్ళని తిండి ఆశ చూపి డాన్స్ చేయమంటున్నారు. దేశమంతా సిగ్గుపడిందని పేపర్లు రాశాయి. సిగ్గు ఎన్ని రోజులు ఉందో మీకే తెలుసు.

ఇది చదివి "అయ్యో పాపం" అనుకుంటే సరిపోదు. మన సంగతి చూడండి. కాలేజీకి ఎవరైనా పెద్ద గెస్టు వస్తే లంబాడీ డ్రెస్ వేయించి వరసలో నిలబెట్టేది ఎవర్ని? మమ్మల్నే. క్లాసులో వెనక బెంచీ, స్టేజీ మీద మాత్రం ముందు వరస. అరకులో రిసార్టుకి జనం వస్తే రాత్రి మంట చుట్టూ థింసా ఆడేది ఎవరు? మన అక్కలే. థింసా వాళ్ళ పండగ, వాళ్ళిష్టం, వాళ్ళు ఆడుకుంటే అందం. ఎవడో ప్యాకేజీలో "డిన్నర్, క్యాంప్ ఫైర్, ట్రైబల్ డాన్స్" అని ఒకే లైన్లో రాస్తే మనం కూడా మెనూలో ఐటమే. మెనూలో ఉన్నోడికి టేబుల్ దగ్గర కుర్చీ వేయరన్నా.

ఇంకో సంగతి. అండమాన్‌లో "రాంచీ" అని పిలిచే జనం ఉన్నారు. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ వైపు నుంచి ఉరావ్, ముండా, ఖరియా ఆదివాసీలని కూలీలుగా ఓడల్లో తెచ్చారు. అడవి నరికింది వాళ్ళు, రోడ్లు వేసింది వాళ్ళు. వంద ఏళ్ళు దాటినా అక్కడ వాళ్ళకి ఎస్టీ గుర్తింపు లేదు. సముద్రం దాటితే ఆదివాసీ ఆదివాసీ కాకుండా పోతాడా? ఈ బాధ మనకి కొత్తేం కాదు. ఇక్కడ మనం ఎస్టీ, కర్ణాటకలో మన చుట్టాలు ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. గీత దాటితే పేరు మారిపోద్ది, కష్టం మారదు.

ఇప్పుడు లక్షద్వీప్. 2024 జనవరిలో ప్రధాని అక్కడ స్నార్కెలింగ్ చేసిన ఫోటోలు పెట్టగానే మన ఫోన్లన్నీ "మాల్దీవులు వద్దు, లక్షద్వీప్ ముద్దు" అని నిండిపోయాయి. షేర్ చేసినోళ్ళలో ఎంతమందికి తెలుసు, అక్కడి జనాభాలో నూటికి 95 మంది దాకా ఎస్టీలే అని? మొత్తం దీవులు 36, మనుషులుండేవి 10, నేల అంతా కలిపి 32 చదరపు కిలోమీటర్లు. 2011లో 64 వేల మంది. వాళ్ళ ఎంపీ సీటు కూడా ఎస్టీ రిజర్వుడే. అంటే మనం "ట్రిప్ వేద్దాం మామా" అనుకున్నది మనలాంటోళ్ళ ఊరికి.

2021లో అక్కడ అభివృద్ధి ప్రాధికార సంస్థ పేరుతో ఒక ముసాయిదా తెచ్చారు. ప్లానింగ్ పేరు చెప్పి ఎవరి భూమైనా తీసుకునే వీలుంది అందులో. ఆ ఏడాది జూన్ 7న దీవుల జనం ఇళ్ళల్లోనే నిరాహార దీక్ష చేశారు. 2023 జనవరిలో ఒక పెద్ద హోటల్ కంపెనీ సుహేలీ, కద్మత్ దీవుల్లో ఒక్కోచోట 110 గదుల రిసార్టు కడతామని ప్రకటించింది. కొన్ని గదులు నీళ్ళ మీదే. సుహేలీలో ఊరు లేదు కాబట్టి "ఎవరూ లేని దీవి" అంటారు. కానీ కవరత్తి జాలర్లు చేపల వేటకి పోయేది అక్కడికే. ఊరు లేకపోతే హక్కు లేదా? మన తాతలు పశువులు మేపుకున్న గుట్టల్ని కూడా కాగితాల్లో పోరంబోకు అనే రాశారు కదా. ఒక రోజు ఎవరో వచ్చి కంచె వేస్తే అప్పుడు తెలిసింది మనం "ఎవరూ" కాదని.

నీళ్ళ సంగతి చూడండి. పగడపు దీవిలో నదులుండవు. వాన నీళ్ళు ఇసకలోకి ఇంకి, కింద ఉప్పు నీళ్ళ మీద పల్చటి పొరలా నిలబడతాయి. ఎక్కువ తోడితే కింద ఉప్పు పైకొచ్చేస్తుంది. అందుకే 2005లో కవరత్తిలో సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటు పెట్టారు, రోజుకి లక్ష లీటర్లు. అలాంటి చోట 110 గదులకి షవర్లు, స్విమ్మింగ్ పూల్ అంటే ఎవరి బిందె ఖాళీ అవుద్దో లెక్క వేయడానికి డిగ్రీ అక్కర్లేదు. మన పక్క ఏ.కొండూరు తండాల్లో కిడ్నీలు పాడై ఎంతమంది పోయారో, మంచినీళ్ళ కోసం ఎన్నేళ్ళు తిరిగారో ఈ గ్రూపులో చాలామందికి తెలుసు. నీళ్ళ విలువ మనకి ఒకరు చెప్పాలా?

ఇక గ్రేట్ నికోబార్. ఓడరేవు, విమానాశ్రయం, కరెంటు ప్లాంటు, టౌన్‌షిప్, అందులో టూరిజం కూడా. ఖర్చు 72 వేల కోట్లని చెప్పారు. పోయే అడవి 130 చదరపు కిలోమీటర్లు, అంటే 32 వేల ఎకరాలు. అక్కడ నికోబారీలు, షోంపెన్‌లు ఉంటారు. 2004 సునామీలో ఊళ్ళు పోయిన నికోబారీలు ఇరవై ఏళ్ళుగా "మా పాత ఊళ్ళకి మమ్మల్ని పోనివ్వండి" అని అడుగుతున్నారు. 2022 ఆగస్టులో వాళ్ళ ట్రైబల్ కౌన్సిల్ దగ్గర అభ్యంతరం లేదని కాగితం తీసుకున్నారు. తమ పాత ఊళ్ళ నేల కూడా ప్రాజెక్టులోకి పోతుందని తెలిశాక, నవంబరులో కౌన్సిల్ ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుంది. అయినా పని ముందుకే పోతోంది. సంతకం పెట్టినప్పుడు చెల్లిన మాట, వద్దన్నప్పుడు ఎందుకు చెల్లదు? పోలవరం ముంపు ఊళ్ళ కొండరెడ్ల అన్నలని అడగండి, ఈ ప్రశ్న వాళ్ళకి కంఠస్థం.

ఇప్పుడు మన అన్న అడిగిన దానికి వద్దాం. "ఉద్యోగాలు వస్తాయి కదరా?" వస్తాయి. మా సీనియర్ ఒకతను ట్రైనింగ్ అని పోయి ఒక పెద్ద రిసార్టులో చేరాడు. డిగ్రీ పాసైనోడు. దుప్పట్లు మడుస్తాడు, బాత్రూములు కడుగుతాడు. పనికి సిగ్గులేదు, మా అమ్మానాన్నలు మామిడి తోటల్లో కాపలా కాసి, కోతకి పోయి మమ్మల్ని చదివించారు. కానీ ఆ రిసార్టు ఉన్న నేల ఒకప్పుడు ఎవరిదో, ఇప్పుడు మేనేజరు కుర్చీలో ఎవరున్నారో కూడా చూడాలి కదా. భూమి ఇచ్చినోడికి చీపురు, భూమి తీసుకున్నోడికి గల్లాపెట్టె. దీన్ని అభివృద్ధి అని మనమే లైకు కొడితే ఎట్లా?

వేరే దారి లేదా అంటే ఉంది. ఫిజీ దీవులు చూడండి. 1903 నుంచి మన తెలుగు కూలీలు కూడా గిర్మిట్ ఒప్పందం మీద చెరకు తోటలకి పోయిన దేశమే. అక్కడ నేలలో నూటికి 80కి పైగా మూలవాసుల గుంపుల పేరునే ఉంది. అమ్మడానికి లేదు. రిసార్టు కావాలంటే వాళ్ళ భూమిని లీజుకి తీసుకుని అద్దె కట్టాలి. అక్కడ గొడవలు లేవని కాదు, అద్దె పంపకంలో తగాదాలున్నాయి. కానీ యజమాని ఎవరో కాగితం మీద ఉంది. మనకీ 1/70 చట్టం ఉంది, 1997 సమత తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి, ప్రైవేటు కంపెనీకి భూమి కట్టబెట్టడానికి లేదు. అందుకే ఇప్పుడు టూరిజం పేరుతో ఆ చట్టాన్ని వదులు చేయాలనే మాటలు అప్పుడప్పుడు లేస్తున్నాయి. మైదాన ప్రాంతంలో ఉన్న మన రెడ్డిగూడెం, తిరువూరు తండాలకి ఆ చట్టం నీడ కూడా లేదు. లేనోళ్ళం కాబట్టే దాని విలువ మాకు ఎక్కువ తెలుసు.

"మీకు కుళ్ళు, డబ్బుంటే మీరూ పోతారు" అంటారని తెలుసు. పోతాం! మాకూ సముద్రం అడుగు చూడాలని ఉంది. మాలో కొందరు ఇంతవరకు సముద్రమే చూడలేదు. పోయిన రోజు ఆ ఊరోళ్ళకి చుట్టాల్లాగా పోతాం. ఎవరి దీవి, ఎవరి పడవ, ఎవరికి పోతున్నాయి డబ్బులు అని అడిగి పోతాం. జారవా రోడ్డెక్కం. మనుషుల్ని చూడటానికి టికెట్ కొనం.

కాబట్టి గ్రూపులో ఉన్నోళ్ళకి మా మాట మూడు ముక్కల్లో. ఒకటి, "ఎవరూ లేని చోటు" అని ఏ వీడియో వచ్చినా కింద అక్కడ ఎవరున్నారో రాయండి. రెండు, అరకు, మారేడుమిల్లి, పాపికొండల వైపు అన్నలూ అక్కలూ, మీ ఊళ్ళో రిసార్టు పేరుతో ఎవరైనా భూమి అడిగితే గ్రామసభ పెట్టించండి, ఆ తీర్మానం కాపీ మీ దగ్గరే ఉంచుకోండి. మూడు, స్కిల్ ట్రైనింగ్ అని వచ్చినోళ్ళని "హౌస్ కీపింగ్ ఒక్కటేనా, డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, మేనేజ్‌మెంట్ కోర్సు మాకు ఎందుకు లేదు?" అని నిలదీయండి.

వీడియో పెట్టిన అన్నా, కోపం పెట్టుకోవద్దు. మీరు పెట్టకపోతే మేము ఇవన్నీ వెతికి చదివేవాళ్ళం కాదు. కానీ మా లైకు మాత్రం వెనక్కి తీసుకున్నాం.

జై సేవాలాల్! జై ఆదివాసీ!

ఇట్లు
రెడ్డిగూడెం మండలం తండాల హాస్టల్ విద్యార్థులం