పాత పాట – కొత్త హక్కుదారు

చాందినీ చౌక్ పరిసరాలలోని పాత ఢిల్లీ మేడలమీద సాయంకాలం వేళ పావురాలను ఎగరవేయడం మొగలాయీల కాలంనుంచి వస్తున్న వినోదం. ఆ ప్రాంతపు తపాలా సంఖ్యనే పేరుగా పెట్టుకుని 2009లో వెలువడిన ‘ఢిల్లీ-6’ అనే హిందీ చిత్రంలో అటువంటి పావురం మీద ఒక పాట ఉన్నది. ‘మసక్కలి’ అనే ఆ పాటను ప్రసూన్ జోషి రాయగా ఎ.ఆర్. రహమాన్ స్వరపరిచారు, మోహిత్ చౌహాన్ పాడారు. పదకొండేళ్ళ తరువాత, 2020 ఏప్రిల్‌లో, దేశమంతా తలుపులు మూసుకుని కూర్చున్న రోజులలో, ఆ పాట హక్కులు గల సంగీత సంస్థయే దానికి కొత్త రూపం ఒకటి తయారు చేయించి విడుదల చేసింది. రహమాన్ మితభాషి. అయినా ఆనాడు నోరు విప్పక తప్పలేదు. అడ్డదారులు తొక్కకుండా, రెండు వందలమందికి పైగా వాద్యకారులతో, ఏడాది పొడవునా ఆలోచించి, నిద్రలు మాని, రాసినదాన్నే తిరిగి రాసుకుని ఆ సంగీతాన్ని రూపొందించామని గుర్తుచేసి, అసలు పాటనే విని ఆనందించండని ఆయన శ్రోతలను కోరారు. కొత్త పాటను విమర్శిస్తూ ఒక్క మాటైనా అనలేదు. అనవలసిన పనీ లేకపోయింది. నిర్బంధాన్ని ఉల్లంఘించి వీధులలో తిరిగేవారిని ఒక గదిలో కూర్చోబెట్టి ఆ కొత్త పాటను పదేపదే వినిపిస్తామని జైపూర్ పోలీసులు హాస్యంగా హెచ్చరించడంతో ప్రజాభిప్రాయం ఏమిటో లోకానికి తెలిసిపోయింది.

మూడేళ్ళు తిరిగాయి. 2023 నవంబరులో ‘పిప్పా’ అనే చిత్రం విడుదలయింది. 1971 బంగ్లాదేశ్ యుద్ధం దాని ఇతివృత్తం. అందులో కాజీ నజ్రుల్ ఇస్లాం రచించిన ‘భాంగార్ గాన్’ను, కారాగారపు ఇనుప తలుపులను బద్దలు కొట్టమని పిలుపునిచ్చే ఆ గీతాన్ని, కొత్త బాణీలో వినిపించారు. స్వరకర్త ఎవరో కాదు, రహమానే. ఢాకాలోనూ కలకత్తాలోనూ ఒకేసారి ఆగ్రహం పెల్లుబికింది. సరిహద్దుకు ఇరువైపులా ఉన్న బెంగాలీలు ఇంత ఏకగ్రీవంగా ఒక మాట అనడం ఈమధ్య కాలంలో అరుదు.

ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఆ ఆగ్రహం అర్థమవుతుంది. చిత్తరంజన్ దాస్ జైలులో ఉండగా ఆయన పత్రిక ‘బాంగ్లార్ కథ’ కోసం, ఆయన భార్య బాసంతీదేవి కోరికపై నజ్రుల్ దానిని రచించారు. 1922 జనవరిలో అది ప్రచురితమయింది. దానినే పేరుగా పెట్టుకున్న గీత సంపుటిని 1924లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1949లో గిరిన్ చక్రవర్తి గొంతులో అది రికార్డుగా వెలువడింది. చిట్టగాంగ్ ఆయుధాగారంపై జరిగిన దాడిని గురించిన చిత్రంలో వినిపించింది. తూర్పు పాకిస్తాన్ అట్టుడుకుతున్న 1970లో జహీర్ రైహాన్ తన ‘జీబన్ థేకే నేయా’ చిత్రంలో దానిని ఉపయోగించారు. అంటే రెండు విముక్తి పోరాటాల జ్ఞాపకం ఆ ఒక్క వరుసలో ఇమిడి ఉన్నది. ఆ వరుసలో కవాతు ఉన్నది, సుత్తిదెబ్బ ఉన్నది. కొత్త బాణీలో అవి రెండూ పోయి, పల్లెపదం వంటి మెత్తని సాగుదల మిగిలింది. మాటలు మాత్రం అవే.

చిత్రనిర్మాతలు క్షమాపణ చెప్పారు. కవి వారసుల అనుమతితోనే, ఒప్పందం ప్రకారమే చేశామన్నారు. పాటను వాడుకోవడానికి ఒప్పుకున్నామే గాని వరుస మార్చడానికి ఒప్పుకోలేదని కవి కుటుంబంవారు చెప్పారు. ఆ కాగితంలోని అక్షరాలు ఎవరి పక్షాన ఉన్నాయన్నది న్యాయవాదుల విషయం. మనకు కావలసినది మరొకటి. తన పాట మారిపోయినందుకు 2020లో నొచ్చుకున్న కళాకారుడే 2023లో మరొకరి పాటను మార్చినవాడుగా నిలబడవలసి వచ్చింది. దీనిని కపటమని కొట్టివేయడం సులభం, కాని అన్యాయం. రహమాన్ అంతటివారికే గీత ఎక్కడ గీయాలో తెలియలేదంటే, ఆ గీత ఈ దేశంలో ఎవరూ సరిగా గీయలేదని అర్థం.

పాత పాటను కొత్తవారు పాడకూడదని వాదించేవారితో ఈ రచయితకు ఏకీభావం లేదు. మన సంగీతమే అట్లా బతికింది. శ్రీకృష్ణదేవరాయల కాలపు విజయనగరంలో గురుపీఠాన్ని అలంకరించిన వ్యాసరాయల కన్నడ పదం ‘కృష్ణా నీ బేగనే’ బాలసరస్వతి అభినయంతో ప్రపంచమంతా తిరిగింది. ఆ పదాన్నే 1996లో హరిహరన్, లెస్లీ లూయిస్ అనే ఇద్దరు ‘కలోనియల్ కజిన్స్’ పేరిట గిటార్లతో, ఇంగ్లీషు చరణాలతో కలిపి పాడితే, కచేరీ ముఖం ఎరుగని కుర్రకారు దానిని నోటికి పట్టారు. ఢిల్లీలోనే 1990లో ఏర్పడిన ‘ఇండియన్ ఓషన్’ అనే రాక్ బృందం 2000 సంవత్సరంలో తెచ్చిన ‘కందీసా’ సంపుటిలో కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన ఒకటి, నర్మదా లోయ జానపదం ఒకటి చోటుచేసుకున్నాయి. ఆ ప్రార్థన భాష ఏమిటో తెలియని హిందీ విద్యార్థులు సైతం దానికి గొంతు కలపడం రాజధాని కళాశాలల మైదానాలలో పరిపాటి అయింది. డోలు, గిటారు వచ్చి చేరినా ఆ వరుసను ఎవరూ తోసివేయలేదు. పాడినవారు ముందు వినడం నేర్చుకున్నారని వింటేనే తెలుస్తుంది.

సరిహద్దు ఆవల సంగతీ ఇంతే. పాకిస్తాన్‌లో 2008లో మొదలైన ‘కోక్ స్టూడియో’ కార్యక్రమాన్ని తీర్చిదిద్దిన రొహైల్ హయాత్ స్వయంగా పాప్ బృందంనుంచి వచ్చినవాడు. సాబ్రీ సోదరుల ఖవ్వాలీ ‘తాజ్‌దారె హరమ్’ను 2015లో ఆతిఫ్ అస్లం ఆ వేదికపై పాడితే రెండు దేశాలూ విన్నాయి. మూడేళ్ళ తరువాత, 2018లో, అదే వేదిక మీద ‘కో కో కొరీనా’కు వేరే గతి పట్టింది. సొహైల్ రాణా స్వరపరచగా అహ్మద్ రుష్దీ పాడిన 1966 నాటి ‘అర్మాన్’ చిత్రగీతం అది. పాకిస్తాన్ పాప్ సంగీతానికి మొదటి మెట్టుగా అక్కడివారు చెప్పుకుంటారు. కొత్త గొంతులు దానిలోని అల్లరిని కాస్తా చప్పబరిచాయి. చివరికి ఆ దేశపు మానవ హక్కుల మంత్రిణియే బాహాటంగా దుయ్యబట్టేవరకు వచ్చింది. మానవ హక్కుల శాఖకు అక్కడ అంతకుమించి పని లేదా అని ఎవరైనా అడగవచ్చు. కాని ఒక పాట విషయంలో మంత్రులు కూడా మామూలు శ్రోతలైపోవడం ఈ ఉపఖండపు లక్షణం.

అయితే కాపలా మితిమీరినా కష్టమే. విశ్వభారతి సంగీత మండలి రవీంద్రుని పాటలకు చాలాకాలం కావలి కాసింది. ఏ రికార్డు బయటికి రావాలన్నా ఆ మండలి ఆమోదముద్ర ఉండాలి. దేబబ్రత బిశ్వాస్ వంటి మహాగాయకుడి రికార్డులపై, వాద్యాల ఆర్భాటం ఎక్కువైందని, గానపద్ధతి సరిగా లేదని ఆ మండలి అభ్యంతరాలు చెప్పింది. విసిగిపోయిన ఆయన రవీంద్రగీతాలు రికార్డు చేయడమే మానుకుని, తన గోడును పుస్తకంగా రాసుకుని 1980లో కన్నుమూశారు. తరువాత ఆయన రికార్డులకోసం వెతకని బెంగాలీ ఇల్లు లేదు. రవీంద్రుని రచనలపై హక్కు 1991తో ముగియవలసి ఉండగా, కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, మరుసటి సంవత్సరం చట్టం సవరించి, రచయితలందరికీ మరణానంతర కాలపరిమితిని 50 నుంచి 60 సంవత్సరాలకు పెంచింది. ఆ గడువూ 2001 చివర తీరిపోయింది. ఆ తరువాత గిటార్లు వచ్చాయి, రాక్ వచ్చింది, సినిమాలు వచ్చాయి. కొన్ని వినదగ్గవి, చాలా వినరానివి. ఆకాశం మాత్రం విరిగిపడలేదు. అసలు వరుసలు తెలిసినవారు లక్షలలో ఉన్నారు కనుక ఏది నిలవాలో వారే తేల్చుకుంటున్నారు.

సినిమా పాటకు అటువంటి రక్షణ లేదు. దానికి స్వరలిపి పుస్తకాలు లేవు, గురుశిష్య పరంపర లేదు; ఉన్నదంతా రికార్డే. ఆ రికార్డు ఎవరి చేతిలో ఉంటే పాట వారిది. ఇక్కడే రాజధానిలో తయారైన చట్టాల సంగతి ఎత్తవలసి వస్తుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకోసం పారితోషికం ఇచ్చి రాయించుకున్న పాటకు, కట్టించుకున్న వరుసకు, వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు నిర్మాతయేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ ఒక అనుబంధం చేర్చి, పాడినవారికి ఏ హక్కూ లేకపోవడం మన సంస్కృతికే విరుద్ధమని బాధపడ్డారు. ఆయన బాధ చట్టసభకు వినపడడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1994 సవరణతో గాని కళాకారులకు ఏవో కొన్ని హక్కులు దక్కలేదు.

ఈలోగా కేసెట్ల యుగం వచ్చింది. ఢిల్లీ దర్యాగంజ్‌లో తండ్రి నడిపిన పండ్లరసం దుకాణంలో పనిచేసిన గుల్షన్ కుమార్ 1980లలో చౌక కేసెట్లతో సామ్రాజ్యం నిర్మించాడు. పాత పాట రికార్డయి కొంత గడువు దాటితే, నోటీసు ఇచ్చి, రుసుము చెల్లించి, ఇంకొకరిచేత పాడించుకోవచ్చునని చట్టంలో ఉన్న వెసులుబాటు ఆయనకు అక్కరకు వచ్చింది. రఫీ, ముకేశ్, కిశోర్ కుమార్, లతల పాటలు కొత్త గొంతులలో బస్టాండులనూ ట్రక్కులనూ నింపాయి. పాత రికార్డు కంపెనీలు గుండెలు బాదుకున్నాయి. తగాదాలు ఢిల్లీ హైకోర్టు దాకా వచ్చాయి. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ కేసెట్లు అసలును వీలైనంత అనుకరించాయి గాని అసలును మార్చలేదు. సోనూ నిగమ్ వంటి గాయకుడు రఫీ పాటలు పాడుతూనే వెలుగులోకి వచ్చాడు.

2012 మేలో పార్లమెంటు చట్టాన్ని మళ్ళీ సవరించింది. రాజ్యసభ నామినేటెడ్ సభ్యుడుగా జావేద్ అఖ్తర్ సాగించిన పోరాటం అందుకు ముఖ్యకారణం. గీతరచయితలు, స్వరకర్తలు తమ రాయల్టీ వాటాను ఇకపై వదులుకోనక్కరలేదు, వదులుకున్నా చెల్లదు. ఇతరులు పాత పాటను రికార్డు చేయాలంటే ఆగవలసిన గడువును రెండేళ్ళనుంచి అయిదేళ్ళకు పెంచారు. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప మార్పు చేయరాదన్నారు. మార్చాలంటే హక్కుల ‘యజమాని’ అనుమతి కావాలన్నారు. చదవడానికి బాగున్నది. కాని ఆ ‘యజమాని’ అనే పదం దగ్గర ఆగి ఆలోచించండి. అన్ని హక్కులూ కొనుక్కున్న సంగీత సంస్థయే యజమాని అయినప్పుడు తన అనుమతి తాను ఎవరిని అడగాలి? ‘మసక్కలి’ విషయంలో జరిగినది ఇదే. పరాయివాడు ముట్టుకుంటే అయిదేళ్ళు ఆగాలి, మార్పు చేయకూడదు. యజమాని మరునాడే ముక్కలు చేయవచ్చు. స్వరకర్తకు మిగిలేది 57వ సెక్షను ఒక్కటే: తన కృతిని వికృతం చేయడంవల్ల తన పరువు ప్రతిష్ఠలకు భంగం కలిగిందని కోర్టులో రుజువు చేసుకోవాలి. ఏటా అవే సంస్థలతో పని చేయవలసిన స్వరకర్త ఎవరు ఆ గడప ఎక్కుతాడు?

అమెరికాలో పాత ‘స్టాండర్డ్’ పాటలను 1978లో విల్లీ నెల్సన్, 1983లో లిండా రాన్‌స్టాట్, మన కాలంలో బాబ్ డిలన్ వంటి రాక్, జానపద గాయకులు మళ్ళీ రికార్డు చేశారు. అక్కడ చట్టబద్ధమైన లైసెన్సు పొందిన గాయకుడు పాటను తన గొంతుకు తగ్గట్టు అమర్చుకోవచ్చు; మూలస్వరాన్ని, పాట స్వభావాన్ని మాత్రం మార్చకూడదు. అమరిక వేరు, మార్పు వేరు. మన చట్టం ఈ రెండింటికీ మధ్య తేడా చెప్పదు.

మన తెలుగు చిత్రాలలోనూ ఈ ముచ్చట ఉన్నది. 1977 నాటి ‘యమగోల’లో చక్రవర్తి కట్టిన పాటను 2007 ‘యమదొంగ’లో కీరవాణి కొత్తగా వినిపించారు. 1992 ‘ఘరానామొగుడు’లోని తన సొంత పాట ‘బంగారు కోడిపెట్ట’ను 2009 ‘మగధీర’లో తానే మళ్ళీ అమర్చారు. రెండోదానిపై పేచీకే తావు లేదు: కన్నతండ్రే పిల్లకు కొత్త బట్టలు తొడిగాడు. మొదటి రకానికి చెందిన పాటలకే నియమం కావాలి.

అది పెద్ద విప్లవమేమీ కాదు. చట్టంలో ‘యజమాని’ అన్నచోట ‘రచయిత, స్వరకర్త’ అని చేర్చాలి. వరుస మార్చే హక్కును ఒప్పందంలో విడిగా, స్పష్టమైన మాటలలో రాయకపోతే అది ఇచ్చినట్లు కాదని చెప్పాలి. కొత్త రికార్డు మీద కొత్తవారి పేర్లు ఎంత పెద్ద అక్షరాలలో ఉంటే పాతవారి పేర్లూ అంత పెద్దవిగా ఉండాలి. ఇందులో రెండో నియమమే అమలులో ఉండి ఉంటే ‘పిప్పా’ నిర్మాతలకు, కవి కుటుంబానికి మధ్య ఆ వాదులాట ఉండేదే కాదు. నజ్రుల్ 1976లో ఢాకాలో కన్నుమూశారు. ఆయన పాటలపై మన దేశంలో హక్కులు 2036 చివరివరకు ఉన్నాయి. అంతవరకు ఆ ఒప్పందాలు మరెన్నోసార్లు రాసుకోవలసి ఉంటుంది.