పరీక్షకు ద్వారం తెరచి ఉంచవలెను

గింజకు పప్పు ఎట్టిదో, లినక్స్ వ్యవస్థకు కెర్నెల్ అట్టిది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ కెర్నెల్, నేడు చేతిలోని ఫోను మొదలు సూపర్ కంప్యూటరు వరకు పనిచేయుచున్నది. ఇంతటి భారం మోయునది సరిగా ఉన్నదా అని పరీక్షించు అవకాశం వ్రాసినవారికే గాక, వాడువారికి కూడ ఉండవలదా?

2020 జనవరిలో వెలువడిన 5.5వ కెర్నెల్‌లో కేయూనిట్ అను పరీక్షా సాధనం చేరినది. అది కెర్నెల్‌లోని ఒక్కొక్క చిన్న భాగాన్ని విడిగా పరీక్షించి ఫలితం తెలుపును. ఉదాహరణకు, తేదీలను లెక్కించు భాగానికి ఒక పరీక్ష ఉన్నది. అది 1970 జనవరి 1ని నడుమ నుంచి, 1,60,000 సంవత్సరాలలోని ప్రతి దినాన్నీ సరిచూచును. లీపు సంవత్సరపు లెక్క ఎక్కడ తప్పినా బయటపడవలసినదే.

అయితే పరీక్షలు మూల ప్రోగ్రాములో ఉన్నంత మాత్రాన మనకు అందవు. కెర్నెల్‌ను నిర్మించి పంచు డిస్ట్రిబ్యూషన్ల వారు వాటిని కూడ నిర్మించి ఈయవలెను. ఫెడోరా వారు వాటిని మాడ్యూళ్ళుగా నిర్మించి, ప్రధాన కెర్నెల్‌తో కలపక వేరు ప్యాకేజీలో ఉంచుచున్నారు. ఈ మార్గం అందరికీ అనుసరణీయమని నా అభిప్రాయం. ఏలయనగా, వ్రాసినవారి యంత్రంలో నెగ్గిన భాగం, వేరొక కంపైలరుతో, వేరొక ప్రాసెసరు కొరకు నిర్మించినప్పుడు కూడ నెగ్గునన్న హామీ లేదు. అంగడివాని ఇంట మొలకెత్తిన విత్తనం మన చేలో మొలకెత్తునా అన్నది మన చేలోనే తేలవలెను గదా!

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. పరీక్ష కెర్నెల్ స్థితిని మార్చవచ్చును. కావున నిత్యం పనిచేయు యంత్రాలపై వీటిని నడపరాదని కేయూనిట్ నిర్మాతలే హెచ్చరించినారు. ఆ హెచ్చరిక న్యాయమైనదే. కాని అది పరీక్షలను వేరుగా ఉంచుటకు కారణమగును గాని, అసలే ఈయకుండుటకు కారణం కాజాలదు. వేరుగా ఉంచిన మాడ్యూలు, కోరి ఎక్కించుకొననిదే నడువదు. నడిచినచో ఆ కెర్నెల్‌పై పరీక్ష జరిగినదను గుర్తు పడి, యంత్రాన్ని మరల ప్రారంభించువరకు చెరగక నిలుచును. ఇక దాపరికమెక్కడిది?

కళాశాలల వారు ప్రయోగశాలలో ఒక పాత యంత్రాన్ని ఇందుకై కేటాయించినచో, విద్యార్థులు తమ చేతులతో పరీక్ష నడిపి, తప్పిన దానిని నిర్మాతలకు తెలుపవచ్చును. ఇతరులు చేసిన వస్తువును వాడుటయే విద్య కాదు. దానిని పరీక్షించగలుగుట విద్య. ఆ ద్వారం తెరచి ఉంచుట పంచువారి ధర్మం; లోనికి అడుగిడుట మన విద్యార్థుల వంతు.