ఏం నొక్కారు మాస్టారూ?

చాలాకాలానికి టపా రాస్తున్నాను. రాయించినది సాహిత్యం కాదు, కోపం.

గత నెలలో నా కంప్యూటరుకు జబ్బు చేసింది. బ్రౌజరు, అదే, మనం ఒకప్పుడు ముచ్చటపడి విహరిణి అని పిలుచుకున్నది, తెరవగానే నేను కోరని పుట ఒకటి ప్రత్యక్షం. దానిని మూస్తే మరొకటి. తెర కుడిమూలన నిమిషానికొక చీటీ: మీకు బహుమతి వచ్చింది, మీ మోకాళ్ల నొప్పికి మందున్నది, మీ యంత్రంలో మూడు వైరస్‌లున్నవి. (మోకాళ్ల నొప్పి మాట నిజమే. వీళ్లకెవరు చెప్పారో!) చివరికి ఎర్రని పుట ఒకటి తెరంతా ఆక్రమించి బిగుసుకుపోయింది. మౌసు కదులుతుంది, మరేదీ కదలదు.

బాగుచేసే కుర్రవాణ్ణి పిలిపించాను. మంచివాడే, వినయవంతుడు. కుర్చీలో కూర్చోకముందే అడిగాడు: "ఏం నొక్కారు మాస్టారూ?"

ఆ వాక్యాన్ని విడదీసి చూడండి. కర్తను నేను. క్రియ, నొక్కడం. తెలియనిది కర్మ ఒక్కటే. అంటే నేరం జరిగిందనీ, చేసినవాణ్ణి నేనేననీ ముందే తీర్మానమైపోయింది. ఇక తేలవలసింది ఆయుధమేదన్నదే! అరవై దాటిన ప్రతివారినీ ఈ ప్రశ్న అడుగుతున్నారు. కొడుకులు అడుగుతున్నారు, కోడళ్లు అడుగుతున్నారు, బ్యాంకులో అడుగుతున్నారు. మనవాళ్లు కూడా తల దించుకుని "ఏమో నాయనా, ఏదో నొక్కినట్టున్నాను" అంటున్నారు. నేను దించను.

నొక్కాను. ఏం నొక్కానో చెబుతాను. నా దగ్గర అను ఫాంట్లలో టైపు చేయించిన పాత వ్యాసాలు ఇరవై దాకా ఉన్నాయి. వాటిని యూనికోడులోకి మార్చుకుందామని మార్పిడి పరికరం కోసం వెదికాను. ఈ బాధ మీకు కొత్త కాదు. దొరికిన పుటలో "డౌన్‌లోడ్" అని రాసిన మీటలు నాలుగు. మూడు పెద్దవి, ఆకుపచ్చనివి, మూడూ ప్రకటనలే. అసలుది అడుగున, చీమతలకాయంత అక్షరాలతో. నేను పెద్దది నొక్కాను. వెంటనే, మీరు మరమనిషి కాదని రుజువు చేయడానికి "అలౌ" నొక్కండి అంటూ ఆంగ్లంలో ఒక ఆజ్ఞ. నేను మరమనిషిని కాను గనుక నొక్కాను. ఆ నొక్కుతో నేనిచ్చింది మనిషిననే రుజువు కాదనీ, నా తెరమీద చీటీలంటించుకొనే హక్కనీ తరువాత తెలిసింది. ఆపైన ఇన్‌స్టాలు చేసేవేళ చిన్న గడులలో ఎవరో ముందే టిక్కులు పెట్టి ఉంచారు. నా సంతకం నాకంటె ముందే చేసి పెట్టారన్నమాట!

"చూసుకుని నొక్కాలి కదా" అంటారు. అనండి. ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, ఎన్ని వేసవులలోనో స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చుని జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. ఒక పిల్లవాడు తప్పు రాస్తే అది వాడి తప్పు. కట్టలు కట్టలుగా, ఊరు మారినా బడి మారినా, అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఒకే తప్పు రాస్తే ఆ తప్పు ప్రశ్నపత్రానిది. అప్పుడు మేము పిల్లలను తిట్టేవాళ్లం కాదు, మార్కులు కలిపేవాళ్లం.

పోనీ, ఏమీ నొక్కనివారి సంగతేమిటి? 2014 చివరలో, 2015 మొదట్లో లెనోవో లాప్‌టాప్‌లు కొన్నిటిలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల కార్యక్రమాన్ని కొత్త యంత్రంలోనే పెట్టి అమ్మారు. వినియోగదారుడు చూసే పుటలలోకి అది తన ప్రకటనలు చొప్పించేది, భద్రమైన లావాదేవీలకు వాడే ధ్రువపత్రాల ఏర్పాటులో కూడా వేలు పెట్టేది. 2017లో ఆ సంస్థ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ చేసుకోవలసి వచ్చింది. దుకాణంలో డబ్బు కట్టి పెట్టె విప్పినవాడు ఏం నొక్కాడు?

ఈ పీడకు మూలపురుషుడైనా నిజాయితీపరుడు. 1990ల చివర ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్, ప్రకటనను వేరే కిటికీలో తెరిపించే కోడు రాశాడు. ఒక కార్ల కంపెనీవారి ప్రకటన అసభ్యమైన పుటమీద కనబడిందని వారు కంగారుపడితే చేసిన ఉపాయమది. 2014లో అట్లాంటిక్ పత్రికలో ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. 2004లోనే ఫైర్‌ఫాక్స్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఆ కిటికీలకు అడ్డుకట్ట వేశాయి. వీధివాకిలి మూస్తే దొడ్డివాకిలి! 2015 నుండి క్రోమ్‌లో జాలస్థలులు మన అనుమతితో చీటీలు పంపే సదుపాయం వచ్చింది, ఆ అనుమతినే "మరమనిషి" మాటలతో కాజేస్తున్నారు.

మన ప్రభుత్వం కూడా గుర్తించింది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇటువంటి మాయోపాయాలు పదమూడింటిని పేరుపేరునా నిషేధించింది. యంత్రంలో వైరస్ ఉందని బెదిరించి మందు కొనిపించడం ఆ జాబితాలో ఉన్నది. ప్రకటనను మరో రూపంలో దాచి చూపడమూ ఉన్నది. రాజముద్ర పడిన కాగితం "ఇది మోసం" అంటుంటే, మా ఇంట్లో మాత్రం "ఏం నొక్కారు?"

కుర్రవాడు తేల్చేశాడు: "ఫార్మాట్ కొట్టేద్దాం మాస్టారూ, అరగంట పని."

నేను యంత్రానికి అడ్డంగా నిలబడ్డాను. అతిశయోక్తి కాదు, నిజంగానే చేయి అడ్డం పెట్టాను. 2012లో ఇదే జబ్బుకు ఇదే మందు వేశారు. నేతవారి దగ్గర, కుమ్మరుల దగ్గర, పడవవారి దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని సేకరించిన వృత్తిపదాలు, పదకొండు వందల పైచిలుకు, ఆ అరగంటలో పోయాయి. ప్రతి తీసి ఉంచుకోకపోవడం నా తప్పు, దానిని ఒప్పుకుంటాను. మళ్లీ సేకరిద్దామని వెళితే, మగ్గంలో ఒక్కొక్క భాగాన్నీ చేత్తో తాకి పేరు చెప్పిన పెద్దాయన అప్పటికే లేరు. ఆయన కొడుకు ఎలక్ట్రికల్ దుకాణం పెట్టుకున్నాడు. కొన్ని పేర్లు ఇప్పుడు నాకూ గుర్తు లేవు.

అందుకని ఈసారి అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేనే చేశాను. బిగుసుకున్న పుటను దాని మీటలతో మూయబోలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది, అందులో బ్రౌజరును ఎంచి ముగించాను. తిరిగి తెరిచినప్పుడు "పాత పుటలు మళ్లీ తెరవనా" అంటే వద్దన్నాను. సెట్టింగులలో నోటిఫికేషన్ల అనుమతులు చూస్తే నేనెరుగని పేర్లు తొమ్మిది. తొలగించాను. ఎక్స్‌టెన్షన్లలో "వెదుకులాట సహాయకుడు" ఒకడు కూర్చున్నాడు, వాణ్ణీ పంపాను. యంత్రంలోని కార్యక్రమాలను తేదీల వరుసలో పెట్టి, మార్పిడి పరికరంతోపాటు అదేరోజు దిగినవి రెండు తీసేశాను.

అయినా కోరని పుట తెరుచుకుంటూనే ఉంది. అరగంట వెదికాక దొరికింది. బ్రౌజరు బొమ్మమీద కుడిమీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే, "టార్గెట్" అన్నచోట కార్యక్రమం పేరు చివర ఒక జాలచిరునామా అతికించి ఉన్నది.

నాకు నవ్వొచ్చింది. మా + అమ్మ = మాయమ్మ. యడాగమం. ఆగమం మిత్రునివంటిది, ఎవరినీ లేపకుండా వచ్చి పక్కన చేరుతుంది. వాడు + కొట్టె = వాడుగొట్టె. గకారాదేశం. ఆదేశం శత్రువువంటిది, ఉన్నవాణ్ణి లేపి తాను కూర్చుంటుంది. ఈ చిరునామా ఆగమంలా వచ్చి పేరు పక్కన ఒద్దికగా చేరి, ఆదేశంలా నా మొదటి పుటను లేపేసి కూర్చున్నది. అంత తోకనూ చెరిపేశాను. విండోస్‌లోనే ఉన్న డిఫెండరుతో పూర్తిగా ఒకసారి వెదికించాను. రోగం కుదిరింది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కుర్రవాడు డబ్బు వద్దన్నాడు, బలవంతాన ఇచ్చాను. చేసినవన్నీ వరుసగా ఒక కాగితంమీద తెలుగులో రాసి అతని చేతిలో పెట్టాను. గడపదాకా వెళ్లి, మడతపెట్టిన కాగితం మళ్లీ విప్పి అడిగాడు:

"మాస్టారూ, ఈ టార్గెట్‌లో తోక తియ్యడం... మా కొట్లో మూడు సిస్టాలు ఇలాగే ఉన్నాయండీ. ఫార్మాట్‌కి పెట్టాం. ఓసారి ఫోన్ చేసి ఆపమంటాను, ఉండండి."