పాట ఆగితే ముందు నెట్‌ని తిట్టకండి

ఇంట్లో పాటల సర్వర్ పెట్టుకున్న మనవాళ్ళు పాట ఆగగానే చేసే మొదటి పని కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ కొట్టడం. పగలంతా ఆఫీసులో ప్యాకెట్లు లెక్కపెట్టేవాళ్ళు కూడా ఇంటికొచ్చాక ఇదే వరస! నా అభిప్రాయం ఒకటే. ఇంట్లో డిస్కులో ఉన్న ఘంటసాల పాట ఇంట్లోనే ఉన్న స్పీకర్‌కి చేరడానికి బయటి నెట్‌తో పని లేదు. ఉండకూడదు కూడా.

లెక్క చూడండి. సీడీ నాణ్యత అంటే సెకనుకి 1411 కిలోబిట్లు. ఫ్లాక్‌లో కుదిస్తే ఇంకా తగ్గుతుంది. ఎంపీ3 అయితే 320 దాటదు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 200 చేయించినా పాటకి ఒరిగేదేమీ లేదు.

పాతబస్తీనే తీసుకుందాం. శాలిబండ, లాల్‌దర్వాజా వైపు పాత ఇళ్ళలో రాయి, డంగుసున్నం గోడలుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వైఫై అలాంటివి రెండు దాటేసరికి నీరసపడిపోతుంది. 2.4 కాస్త దాటుతుంది గానీ, ఆనుకుని ఉన్న ఇళ్ళ రౌటర్లన్నీ అక్కడే... ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు 1, 6, 11 మూడేనాయె. అందుకే సర్వర్‌కి మాత్రం వైరు లాగండి. గోడకి మేకులు కొట్టినందుకు ఇంట్లో తిట్లు పడతాయి, పడనివ్వండి.

తర్వాతది రెండు రౌటర్ల తంటా. ఆపరేటర్ ఇచ్చిన డబ్బా 192.168.1 అంటుంది, దాని వెనక మనం కొన్నది 192.168.0 అంటుంది. సర్వర్ ఒకదాంట్లో, ప్లేయర్ ఇంకోదాంట్లో. లిరియన్ సర్వర్‌నే చూడండి (ఒకప్పటి స్క్వీజ్‌బాక్స్ సర్వరే, 2024లో పేరు మారింది). ప్లేయర్ 3483 పోర్టు మీద "ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తుంది. ఆ బ్రాడ్‌కాస్ట్ రౌటర్ దాటదు. మన రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే సగం గొడవ తీరుతుంది. సర్వర్‌కి డీహెచ్‌సీపీలో ఒక అడ్రస్ రిజర్వ్ చేసి, ఫైర్‌వాల్‌లో 3483 (టీసీపీ, యూడీపీ రెండూ), 9000 తెరిస్తే మిగతా సగం. బ్రౌజర్లో 9000 పేజీ వచ్చి ప్లేయర్ మాత్రం కనబడకపోతే అనుమానం 3483 మీదే. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో కూడా చూడండి.

ఇంత శ్రమ ఎందుకు, యాప్‌లో అన్నీ దొరుకుతాయిగా అంటారు. లాజిటెక్ 2012లో స్క్వీజ్‌బాక్స్‌ల తయారీ ఆపేసింది, 2024లో వాటి ఆన్‌లైన్ సేవనీ మూసేసింది. ఇంట్లో సర్వర్ ఉన్నవాళ్ళ పాత డబ్బాలు మాత్రం ఇంకా పాడుతున్నాయి. ఇక 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, స్తంభాల మీది కేబుళ్ళు కోసేస్తే నగరంలో చాలాచోట్ల నెట్ పోయింది. పోయిన ప్రాణాల ముందు నెట్ ఏపాటిది గానీ, మన ఇంటి పాట ఎవరి తీగకి వేలాడుతోందో అప్పుడు తెలిసొచ్చింది. నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న పాటలు ఏ యాప్‌లోనూ లేవు. వాటికి దిక్కు మనమే.

ఒక చిన్న పరీక్ష. ఈ ఆదివారం రౌటర్‌కి బయట నుంచి వచ్చే వైరు పీకేసి పాట పెట్టండి. మోగిందా, మీ ఇంటి నెట్‌వర్క్ భేషు. మోగలేదా, ఆపరేటర్‌కి ఫోన్ చేసి లాభం లేదు. పని మన ఇంట్లోనే ఉంది. ఏమంటారు?