అభినందిస్తే సరిపోతుందా?

2022 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి జాతివివక్షపై ప్రత్యేక ప్రతినిధిగా డాక్టర్ అశ్విని కె.పి.ని నియమించింది. ఆమె కోలారు జిల్లా దళిత బిడ్డ, బెంగళూరులో రాజనీతిశాస్త్రం బోధించిన అధ్యాపకురాలు. ఆసియా నుండి ఈ బాధ్యత చేపట్టిన మొదటి వ్యక్తి ఆమే. జీతం లేని పని ఇది. 2023లో అమెరికాలో పర్యటించి పరిస్థితులు పరిశీలించారు. కృత్రిమ మేధ జాతివివక్షను ఎలా పెంచుతోందో 2024లో నివేదించారు.

మనకు గర్వకారణమే. అయితే వంశాన్ని బట్టి చూపే వివక్షలో కులవివక్ష కూడా ఉందని ఐక్యరాజ్యసమితి కమిటీ 2002లోనే తేల్చింది. కులాన్ని బట్టి సమాధుల స్థలం వేరుచేసే సంఘం ఆమెను ఏ ముఖంతో అభినందిస్తుంది?

యువతీయువకులారా, రాజనీతిశాస్త్రం, న్యాయశాస్త్రం చదవండి. మన పెద్దలు మౌనంగా భరించిన అవమానాన్ని మీరు సాక్ష్యంగా రాయండి. ముందు మన సంఘంలోనే అడగండి.