ఆ ఒక్క మ్యూజిక్ పీరియడ్‌ను ఉండనివ్వండి



పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను తరచూ అడిగే మాట: "మేడమ్, బాబు తొమ్మిదిలోకి వచ్చాడు కదా, ఇక కీబోర్డ్ మాన్పించేద్దామా?" జవాబుగా మీకో బ్యాండ్ కథ చెబుతాను.

ఇంగ్లండ్‌లో చార్టర్‌హౌస్ అనే స్కూల్ ఉంది. 1967లో అక్కడి విద్యార్థులు కొందరు కలిసి పాటలు కట్టేవారు. అదే 'జెనెసిస్' బ్యాండ్ అయింది. వారిలో టోనీ బ్యాంక్స్ చిన్నప్పుడు పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో పియానో నేర్చుకున్నవాడు. 1969లో వచ్చిన తొలి ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. అయినా మానలేదు. 1972లో 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్‌లో ఏడు భాగాలతో దాదాపు 23 నిమిషాల పాట చేశారు. 1975లో గాయకుడు పీటర్ గేబ్రియల్ వెళ్లిపోతే, డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్ పాడటం మొదలుపెట్టాడు. బ్యాంక్స్ ఆర్కెస్ట్రా కోసం రాసిన సంగీతాన్ని లండన్ ఫిల్హార్మోనిక్ వాయించగా, 2004లో ఆల్బమ్‌గా వచ్చింది.

మీ పిల్లలూ బ్యాండ్ పెడతారని కాదు నేను చెప్పేది. గ్రామర్ తప్పు రాసిన పిల్లాడు పేపర్ దాచేస్తాడు. అదే పిల్లాడు కీబోర్డ్ మీద తప్పు పడితే నవ్వేసి మళ్లీ మొదలుపెడతాడు. అక్కడ మార్కులు పోవు కాబట్టి. ఆ ధైర్యమే నా ఇంగ్లిష్ క్లాసులోనూ కావాలి.

వారానికి ఒక్క పీరియడ్. దాన్ని స్టడీ అవర్‌గా మార్చమని అడిగే ముందు, ఈ ఆదివారం ఒక్క పాట వాయించమనండి. ఫోన్ పక్కన పెట్టి వినండి. తర్వాత మాట్లాడుకుందాం.

— మీ ఇంగ్లిష్ టీచర్